సైకిలునకు ఇంజను

ఇంటి కుఱ్ఱవాఁడు సైకిలునకు చౌక ఇంజను బిగింపుమని పట్టుపట్టినచో తల్లి యేమి యడుగవలయును? ఈ సంగతినిగూర్చి మేము నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ ముచ్చట క్రొత్తది గాదు. 1946లో జపానునందు సొయిచిరో హోండా, యుద్ధమున మిగిలిన రేడియో జనరేటరు ఇంజనులను సైకిళ్లకు అమర్చెను. వానిని నడిపి చూచినవారిలో ఆయన భార్య సచియు నొకతె.

నేఁడు చౌకగా దొరకు చైనా ఇంజనులు పెక్కు టూస్ట్రోకువి. 80 సీసీ యని యమ్మునది కొలిచి చూచిన తఱచు 66 సీసీయే. పెట్రోలులో కలిపిన నూనెయే వాని బేరింగులకు రక్ష; అది తగ్గినచో పిస్టను బిగిసిపోవును. అదురుచే నట్లు సడలును. కావున ఇంజను ఆయువు కొంత తయారీచేతను, కొంత మన శ్రద్ధచేతను నిర్ణయమగును. క్రొత్తలో మెల్లగా నడుపవలెను. నూనె కొలిచి పోయవలెను. నట్లు తఱచు బిగింపవలెను.

ఇంజను చెడిన ధనమే పోవును. బ్రేకు తప్పిన ప్రాణమే పోవచ్చును. కాలితొక్కుడు వేగమునకు చేసిన బ్రేకులతో ఇంజను వేగమును ఆపుట కష్టము. మఱియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 25 సీసీ మించిన ఇంజనుగల సైకిలు మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషను, నడుపువానికి లైసెన్సు వలయును.

సోదరీమణులారా! వెల యడుగుటకు ముందు బ్రేకు మాట యడుగుఁడని మా మనవి.