మా బావ ట్రాక్టరు బేరం

మా బావ ట్రాక్టరు కొనదలచిన సంగతి అక్క చెబితే తెలిసింది. "మీ బావ నా నగలు బ్యాంకులో పెడతానంటున్నాడు. ఒకసారి వచ్చి పోరా" అని ఫోను చేస్తే, తిరుపతిలో బస్సెక్కి బంగారుపాళ్యం వైపు బయలుదేరాను. నాకు తెలిసిన సేద్యమంతా కావ్యాల్లోనిదే. అయినా చదువుకున్న తమ్ముడన్న మర్యాద ఒకటుంది గదా!

వాళ్ళకున్నది అయిదెకరాలు. మూడెకరాలు మామిడితోట, ఒక ఎకరా చెరకు, మిగిలిన ఎకరాలో ఆరు పాడి ఆవులకు కసువు. ముసలివైపోయిన ఎద్దుల జతను పోయిన యేడే అమ్మేశారు. అప్పటినుంచి బాడుగ ట్రాక్టరే దిక్కు. వాన కురిసిన మర్నాడు వూరందరికీ ఆ ట్రాక్టరే కావాలి. బావ వంతు వచ్చేసరికి నేలలో పదును ఆరిపోతుంది. ఆయన కష్టం నిజమైనదే. చిక్కల్లా ఆయన మనసు యాభై హెచ్‌.పి. బండిమీద పడడంతో వచ్చింది. పక్కవీధిలో ఒకాయన అలాంటిదే కొన్నాడట!

హెచ్‌.పి. అంటే అశ్వశక్తి. గుర్రం మొహం చూడని వూళ్ళో అందరూ గుర్రాల లెక్కే చెబుతున్నారు.

తిరుపతి వ్యవసాయ కళాశాలలో పనిచేసి రిటైరైన మిత్రుడొకరు నాకు ఒక్క మాట చెప్పి పంపారు: "ముందు పని చూసుకోమనండి, తర్వాత పనిముట్టు, ఆఖరున బండి." రాత్రి భోజనాలయ్యాక తిన్నెమీద కూర్చుని అదే మాట ఎత్తాను.

"బావా, ఏడాదిలో ట్రాక్టరుతో నీకేమేం పనులుంటాయో చెప్పు."

ఆయన చెబుతుంటే అక్క లెక్క సరిదిద్దింది. తోటలో చెట్ల నడుమ పైపైన దున్నడం, పశువుల ఎరువు తోలడం, కసువు తేవడం, పూతకాలంలో తేనెమంచు పురుగుకు మందు కొట్టడం. ఇవే తరచుగా వుండే పనులు. చెరకు ఒకసారి నాటితే రెండు మూడేళ్ళు కొట్టుకోవచ్చు గనుక లోతు దుక్కి ఎప్పుడో గాని రాదు. ఆ ఒక్కదానికోసం యాభై గుర్రాలను ఏడాది పొడుగునా మేపాలా? ఆ దుక్కికి పెద్ద బండిని బాడుగకు పిలిస్తే సరిపోతుంది.

పొద్దున్నే తోటలోకి వెళ్ళాం. కొమ్మలు భుజాలకు తగులుతున్నాయి. పెద్ద ట్రాక్టరు, పైకి నిలిచిన దాని పొగగొట్టం ఇందులో దూరాలంటే సగం కాపు కొట్టేయాలి. పైగా దాని బరువు రెండు టన్నులకు దగ్గర. తడినేలమీద పదేపదే తిరిగితే మట్టి అణగిపోయి వేళ్ళకు గాలి ఆడదు. తోటలకోసం చేసిన చిన్న బండ్లలో కొన్ని ఒక టన్ను కూడా తూగవు. మహీంద్రా, స్వరాజ్, కుబోటా, వీ.ఎస్‌.టీ. కంపెనీలు ఇలాంటివి తయారుచేస్తున్నాయి. తేలిక బండికి నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటు వుంటే నేలమీద పట్టు చిక్కుతుంది.

చిత్తూరులో ఒక షోరూముకు వెళితే, అమ్మే అబ్బాయి మొదట ఇంజను బలమే చెప్పాడు. అడగవలసింది వెనుక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు దగ్గర అందే బలం. అది ఇంజను బలంకంటే ఎప్పుడూ కొంత తక్కువే. మందుకొట్టే పంపుకైనా రోటవేటరుకైనా అదే ఆధారం. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర సంస్థ వుంది. దాని నివేదిక చూపమంటే ఆ అంకె తెలుస్తుంది. ఎంత బరువు ఎత్తగలదో కూడా అందులో వుంటుంది.

రోటవేటరు దగ్గర బావ కళ్ళు మెరిశాయి. అది మట్టిని పిండి చేసి అందంగా పరుస్తుంది, నిజమే. కాని మా ప్రాంతపు ఎర్రనేలలు ఏటవాలు. మెత్తని మట్టి అక్టోబరు, నవంబరు వానలకు కొట్టుకుపోతుంది. ఏటా ఒకే లోతున తిప్పితే అడుగున గట్టిపొర కూడా పడుతుంది. మామిడికి ఆహారం తెచ్చే సన్నవేళ్ళు చాలావరకు పైమట్టిలోనే వుంటాయి గనుక తోటలో అయిదు చాళ్ళ చిన్న కల్టివేటరును పైపైన నడిపితే చాలు. రోటవేటరు కావలసినప్పుడు బాడుగకు తెచ్చుకోవచ్చునని బావను ఒప్పించేసరికి రెండు కాఫీలయినాయి.

చివరికి ఇరవైనాలుగు హెచ్‌.పి. బండి, కల్టివేటరు, మందుకొట్టే పంపు, చిన్న ట్రైలరు ఖాయమయ్యాయి. అక్క నగల్లో గాజులు మాత్రమే బ్యాంకుకు వెళ్ళాయి.

నన్ను భయపెట్టింది వేరొకటి. ఆ పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. పంచె కొంగో చీర చెరగో తగిలితే మనిషి చెయ్యి వెనక్కు తీసుకునే వ్యవధి వుండదు. దానిమీది తొడుగును విరిగిందని తీసి పారేసే వాళ్ళే ఎక్కువ! ట్రైలరును కింది కొక్కేనికే తగిలించాలి. పైన కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కు తిరగబడుతుంది. తోటలో మలుపులకోసం కుడి ఎడమ బ్రేకులు విడివిడిగా వుంటాయి. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపి గడియ వేయకపోతే ఒక్క చక్రమే పట్టి బండి పక్కకు ఈడుస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో యంత్రాలు నడపడంలో రైతులకు శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ వున్నది. బావ మొదట నవ్వాడు. "ముప్పై ఏళ్ళు ఎద్దులు తోలినవాడికి నేర్పేదేముందబ్బా?"

"ఎద్దులైతే నిన్ను చూసి నిలుస్తాయి" అన్నది అక్క.

బండి వచ్చిన రోజున నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టారు. మనవడు మడ్‌గార్డుమీద కూర్చుంటానని ఒకటే ఏడుపు. అక్క వాడిని చంకనేసుకుని ఇంట్లోకి నడిచింది. బావ ఒక్కడే తోటవైపు బండి పోనిచ్చాడు.