అన్నము మానిన మేనల్లుడు

రెండు సంవత్సరముల క్రిందట దసరా సెలవులకు ఇంటికి వచ్చిన మా మేనల్లుడు, భోజనమునకు కూర్చుండి, తల్లి వడ్డింపబోయిన గరిటెకు చేయి అడ్డముపెట్టి, "నాకు అన్నం వద్దమ్మా, మానేశాను" అన్నప్పుడు మా చెల్లెలి ముఖమున గోచరించిన దిగ్భ్రమను నేను మరువజాలను. హైదరాబాదులోని అమీర్‌పేటలో హాస్టలునందుండి ఉద్యోగపరీక్షలకు చదువుకొనుచున్న ఆ కుర్రవాడు, ఏడాదిన్నరలో పెరిగిన తొమ్మిది కిలోల బరువును నెలలోపల దించుకొనవలెనని సంకల్పించి, ఫోనులో ఎవరో బోధించిన ప్రకారము ప్రొద్దున నిమ్మరసము, మధ్యాహ్నము రెండు పండ్లు, రాత్రి కీరదోసకాయ ముక్కలు తిని కాలము గడుపుచుండెను. ఆరు కిలోలు తగ్గెను. సంక్రాంతికి మరల వచ్చునప్పటికి ఏడు పెరిగెను. "నాకే గట్టి మనసు లేదు మామయ్యా" అని అతడు తలవంచుకొనినప్పుడు నా మనస్సు మిక్కిలి కలతపడినది. ఏలయన ఆ పిల్లవాని మనోబలమున లోపమేమియు లేదు. అతడు తలపడినది తన శరీరముతోనే. ఆ శరీరమునకు క్షామమునెదుర్కొను విద్య తరతరములుగా అలవడియున్నది.

మొదట ఆ ఆరు కిలోల సంగతి చూతము. మన కాలేయమునందును కండరములయందును గ్లైకోజను అను పేర కొంత పిండిపదార్థము నిలువయుండును. దానిలో ఒక్కొక్క గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని తనతో పట్టియుంచును. తిండి ఒక్కసారిగా తగ్గించిన మొదటి వారమున ఈ నిలువ కరగి, దానితోడి నీరు వెడలిపోవుటచే తూకపు ముల్లు చకచక దిగును, మనుష్యుడు పొంగిపోవును. కాని ఒక కిలో కొవ్వు తగ్గవలెనన్న సుమారు 7,700 కెలోరీల లోటు ఏర్పడవలెను. దినమునకు రెండువేల చిల్లర కెలోరీలు ఖర్చుచేయు యువకుడు మూడు దినములు నిరాహారముగ నున్నను అంత లోటు పూర్తిగా రాదు. కావున వారమునకు మూడేసి కిలోలు తగ్గించెదమను వాగ్దానములలో చాలభాగము నీరు, కొంతభాగము కండ, కొవ్వు స్వల్పము.

ఇక ఆకలిగొన్న దేహము ఏమి చేయునో తెలిసికొనుటకు, 1944వ సంవత్సరాంతమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆరంభమైన ఒక ప్రయోగమును స్మరింపవలెను. యుద్ధము ముగిసిన పిదప యూరపులోని క్షామపీడితులకు ఎట్లు ఆహారమిచ్చి బలము చేకూర్పవలెనో తెలియగోరి ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, ఆయుధము పట్టుటకు అంతఃకరణము ఒప్పక యుద్ధసేవను నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులగు యువకులను, వారి సమ్మతితోనే, 24 వారములు అర్ధాకలితో నుంచెను. వారికి దినమునకు దొరకినది సుమారు 1,570 కెలోరీల తిండి. వారమునకు 22 మైళ్ళ నడక. వారి బరువు నాల్గవవంతు తగ్గినది. గుండె మెల్లగ కొట్టుకొనసాగెను. వేసవిలోసైతము చలి పుట్టెను. అంతకన్న విచారింపదగినది వారి మనస్సు గతి. చదువు రుచింపలేదు, స్నేహములు రుచింపలేదు. పగలెల్ల భోజనమును గూర్చిన ఆలోచనయే. వంటల పుస్తకములను సేకరించి కథలవలె చదువుకొనినవారు కొందరు, పళ్ళెములు నాకినవారు కొందరు. తిండి మరల దొరకినప్పుడు ఎంత తినినను తృప్తి తీరక, పోయిన కండకంటె ముందుగ కొవ్వును కూడబెట్టుకొనిరి. 1950లో కీస్ ఈ వృత్తాంతమునంతయు రెండు బృహత్సంపుటములుగ ప్రకటించెను.

మా మేనల్లుడు నెలరోజులు తినినది ఆ 36 మంది తినినదానిలో సగమైనను ఉండదు. సంక్రాంతి అరిసెల ముందు అతడు ఓడిపోయెననుట న్యాయమా?

అట్లని బరువును ఉపేక్షింపుమని నా అభిప్రాయము కాదు. మనవారి దేహములలో ఒక విశేషము కలదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞికుడును, లండను వైద్యుడు జాన్ యుడ్కినును కలిసి దిగిన ఛాయాచిత్రమొకటి 2004లో 'లాన్సెట్' పత్రికలో వెలువడినది. ఇరువురి ఎత్తుబరువుల నిష్పత్తి (బి.ఎమ్.ఐ.) సరిగ ఒక్కటే, 22.3, కాని కొవ్వు యుడ్కినుకు నూటికి 9.1 వంతులు కాగా, యాజ్ఞికునకు 21.2. చూపునకు సన్ననివారమైనను లోపల, ముఖ్యముగ ఉదరమున, కొవ్వు దాచుకొను స్వభావము మనది. అందుచేతనే పాశ్చాత్యులకు 25 వరకు క్షేమమని ఎంచు ఆ సంఖ్యను మన వైద్యులు 23 కే తగ్గించిరి, 1.70 మీటర్ల ఎత్తుగల యువకుడు 66 కిలోలు దాటినప్పుడే జాగ్రత్తపడవలెను. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. ఇందులకు భిన్నముగ, అవసరమేమియు లేకయే అద్దము ముందు నిలిచి కడుపు మాడ్చుకొను బాలికలున్నారు. 15 మొదలు 49 ఏండ్ల వరకు వయస్సుగల మన దేశపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని జాతీయ కుటుంబారోగ్య సర్వే తేల్చియుండగా, ఆ పిల్లలకు కావలసినది ఉపవాసమా?

సంక్రాంతి వెళ్ళిన నెలకు నేను ఆ హాస్టలుకు పోయి, ఒక దినమంతయు అతనితో గడిపితిని. ప్రొద్దున ఆలస్యముగ లేచుటచే ఇడ్లీ దొరకలేదు. మధ్యాహ్నము మెస్సులో పళ్ళెము నిండ అన్నము, నీళ్ళవంటి సాంబారు, బంగాళదుంప వేపుడు. సాయంకాలము వీధి మొగలో మిరపకాయ బజ్జీలు, దానిపై ఒక కూల్‌డ్రింకు. ఆ చిన్న సీసాలోనే ముప్పది గ్రాములకు మించిన పంచదార. రాత్రి పదకొండు గంటలకు ఫోనులో తెప్పించిన బిర్యాని. నిద్ర రెండు గంటలకు. అతడు మానివేసినది అన్నమును. బరువు పెంచినది సాయంకాలమును రాత్రియును. పిల్లలను నమ్ముకొని డబ్బు పుచ్చుకొను వసతిగృహములు దుంపకూరకు బదులు ఒక ఆకుకూర వండిపెట్టకపోవుట నాకు దుస్సహముగ తోచినది.

మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరున రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్న పరిశోధనశాలగ ఆరంభించిన ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 2,000 కెలోరీల దినాహారమునకు వారు నిర్ణయించిన ప్రమాణమునందు ధాన్యము 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. ఈ లెక్కను నేను అతని ముందు పరచి, "అన్నము మానుమని ఇందులో ఎక్కడనున్నదిరా?" అని అడిగితిని. 250 గ్రాముల బియ్యము వండిన ముప్పాతిక కిలోకు సమీపముగ అన్నమగును. కొరత కూరయందును పప్పునందును ఉన్నది. కందిపప్పుతో తోటకూర, గోంగూర, చుక్కకూర, పెసరట్టు, ఉడికించిన గ్రుడ్డు, శనగగుగ్గిళ్ళు, తెలంగాణమున జొన్నరొట్టె, రాయలసీమన రాగిసంగటి, చిక్కని పెరుగుకంటె పలుచని మజ్జిగ. విదేశీయమగు డబ్బాతిండ్లను అప్పుచేసి కొనవలసిన అగత్యమేమియు లేదు.

పొట్లములలోని చిప్సు, బిస్కట్లు మొదలగువాని విషయమై 2019లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలో కెవిన్ హాల్ అను శాస్త్రజ్ఞుడు జరిపిన పరిశీలన గమనింపదగినది. 20 మందికి రెండు వారములు కర్మాగారములలో తయారైన తిండియు, రెండు వారములు ఇంటివంటవంటి తిండియు, కావలసినంత తినుటకు స్వేచ్ఛనిచ్చి పెట్టగా, మొదటిదానియందు వారు తెలియకయే దినమునకు 500 కెలోరీలు అధికముగ తినిరి. నిద్రలేమియు ఇట్టిదే. రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రించిన యువకులలో ఆకలిని రేపు గ్రెలిన్ పెరిగి, తృప్తినిచ్చు లెప్టిన్ తగ్గెనని 2004లో చికాగో పరిశోధకులు కనుగొనిరి. అర్ధరాత్రి బిర్యానికై మనస్సు లాగుట అతని దౌర్బల్యము మాత్రమే కాదు.

నెలకు రెండు కిలోలకు మించి తగ్గకున్నను మేలే, ఒక్కటైనను చాలును. థైరాయిడు మొదలగు లోపములవలన పెరిగిన బరువునకు వైద్యుని చూడవలెను. అంగడిలోని మాత్రలను ముట్టరాదు. నేనతనికి చెప్పినవి మూడే: ఇడ్లీ దొరకు వేళకు లెమ్మనియు, సాయంకాలము బజ్జీల బండికి బదులు గుగ్గిళ్ళ బండి కడకు నడువుమనియు, పన్నెండు గంటలకు దీపమార్పుమనియు. మూడవది చాలకాలము సాగలేదు; రెండవది వారమునకు రెండు దినములు తప్పుచుండెను. అయినను మెస్సులో వడ్డించునామెతో, "అక్కా, పప్పు ఇంకో గరిటె వెయ్యవా" అని అడుగుట అతనికి అలవాటైనది.

తరువాతి వినాయకచవితికి అతడు ఇంటికి వచ్చినప్పుడు ఎనిమిది మాసములలో నాలుగు కిలోలు తగ్గియుండెను. మా చెల్లెలు అన్నపు గరిటెతో వచ్చి, వెనుకటి దసరా జ్ఞప్తికి వచ్చెనేమో, ఒక క్షణము తటపటాయించినది. అతడు చేయి అడ్డుపెట్టలేదు. రెండు గరిటెల అన్నము వేయించుకొని, తోటకూర పప్పు మారు అడిగి, కుడుములు రెండు తిని లేచెను.