తేమ చేరితే తప్పే ఉక్కు పరీక్ష

సూరత్‌ను ఆనుకుని, తాపీ నది సముద్రంలో కలిసేచోట హజీరా ఉంది. ఉక్కు కర్మాగారం, భారీ పీడన పాత్రల తయారీ, 2005 నుంచి ద్రవ సహజవాయువు టెర్మినల్, అన్నీ అక్కడే. ఈ వాయువు ద్రవంగా ఉండాలంటే -162 డిగ్రీల సెల్సియస్ చలి కావాలి. అంత చలిలో మామూలు ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ‘షెనెక్టడీ’ అనే కొత్త నౌక, గాలివాన ఏదీ లేకుండానే, రేవులో నిలబడి ఉండగా దాదాపు రెండుగా చీలిపోయింది.

ఉక్కు ఎంత చలికి పెళుసెక్కుతుందో ముందే పట్టించేది చార్పీ పరీక్ష. 10 మిల్లీమీటర్ల మందం, 55 మిల్లీమీటర్ల పొడవున్న ముక్కకు 2 మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టి, చల్లని ద్రవమున్న తొట్టిలో కనీసం 5 నిమిషాలు ఉంచుతారు. బయటికి తీసిన 5 సెకన్లలోపే లోలకం సుత్తి దెబ్బ పడాలి. తొట్టి ఉష్ణోగ్రత అటూ ఇటూ 1 డిగ్రీకి మించి మారకూడదు.

చాలా ఉక్కులను -46 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. తొట్టిలో సాధారణంగా ఇథనాల్ పోస్తారు; అది -114 దాకా గడ్డకట్టదు. చిక్కల్లా దానికి నీటిమీద ఉన్న మక్కువే. సూరత్ వానాకాలపు గాలిలో మూత తీసిన ప్రతిసారీ కొంత తేమ అందులో చేరుతుంది. ద్రవం మెల్లగా చిక్కబడుతుంది, నీరు మరీ ఎక్కువైతే మంచు పలుకులు తేలతాయి. అప్పుడు ద్రవం సరిగా కలియతిరగదు. థర్మామీటర్ ఉన్న మూల -46 చూపిస్తుంటే, ముక్క ఉన్నచోట అంత చలి ఉండకపోవచ్చు. కాస్త వెచ్చని ముక్క విరగడానికి ఎక్కువ శక్తి తీసుకుంటుంది. పనికిరాని ఉక్కు ‘పాస్’ అవుతుంది. అసలు ప్రమాదం ఇదే.

నీరు చేరిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. కొంత ద్రవాన్ని 20 డిగ్రీలకు తెచ్చి హైడ్రోమీటర్‌తో చూడాలి. స్వచ్ఛమైన ఇథనాల్ సాంద్రత 0.789, నీరు కలిసేకొద్దీ అది పెరుగుతుంది. ముక్కలకు అంటిన కోత నూనె, ఇనుప రజను కూడా తొట్టిని పాడుచేస్తాయి. అందుకే ముందే అసిటోన్‌తో తుడిచి ఆరబెడతారు. ముక్కలను జాలీ మీద, అడుగు నుంచి 25 మిల్లీమీటర్ల ఎత్తున, పైన కూడా అంతే ద్రవం ఉండేలా పెడతారు. వాటిని పట్టే పటకారునూ అదే తొట్టిలో చల్లబరచాలి. పాతబడిన ఇథనాల్‌ను కాలువలో పారబోయకూడదు. 13 డిగ్రీల వద్దే దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకోగలదు.

ద్రవ వాయువు ట్యాంకులకు వాడే 9 శాతం నికెల్ ఉక్కును -196 వద్ద, ద్రవ నైట్రోజన్‌లో పరీక్షిస్తారు. అక్కడ గాలిలోని తేమ కరగదు, తెల్లని రేకులుగా గడ్డకడుతుంది. దాన్ని జల్లెడతో తీసేయవచ్చు.