పాత కారుకు అసలు భాగమేది?
కొత్త సామాను కొనేముందే తేల్చుకోవాలి

పాలకీడు: ఒకప్పుడు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో రైసుమిల్లు యజమాని ఇంటిముందు అంబాసిడరు కారు నిలిచి ఉండటం హోదాకు గుర్తు. తర్వాత వచ్చిన చిన్నకార్ల ధాటికి అవి షెడ్ల వెనక్కి చేరాయి. వాటిలో చాలామటుకు పాత ఇనుము కింద తూకానికి వెళ్లిపోగా, మిగిలిన కొన్నింటిని బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కించాలనే ఆసక్తి ఇటీవల పెరుగుతోంది. తాతల నాటి బండి అనే మమకారంతో వేలకు వేలు వెచ్చిస్తున్నా, ఏ సంవత్సరం బండికి ఏ భాగం ఉండాలో తెలుసుకోకుండా పని మొదలుపెట్టడంతో తీరా కారు మెరిసిపోతుంది గానీ అసలు రూపం మాత్రం పోతుంది.

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. కేంద్ర రవాణాశాఖ 2021 జూలైలో వింటేజ్ వాహనాల నిబంధనలను నోటిఫై చేసింది. తొలి రిజిస్ట్రేషన్ నాటినుంచి 50 ఏళ్లు దాటిన సొంత ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. అయితే ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులేవీ లేకుండా బండి అసలు రూపంలోనే ఉండాలన్నది ప్రధాన షరతు. అంటే మెకానిక్ మంచి ఉద్దేశంతోనే బిగించిన వేరే ఇంజిన్ యజమానికి ఆ గుర్తింపును దూరం చేయవచ్చు.

మన ప్రాంతంలో ఎక్కువగా జరిగిందీ అదే. పెట్రోలు ఖర్చు భరించలేక, ట్యాక్సీగా తిప్పుకోవడానికి ఎందరో పెట్రోలు ఇంజిన్ దించేసి డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. ఆనాటికి అది తెలివైన పనే. అంబాసిడరులో డీజిల్ ఇంజిన్ వచ్చింది 1980లో, 1800 సీసీ ఇసుజు ఇంజిన్ వచ్చింది 1990ల్లో. కనుక 1970 నాటి కారులో ఈ రెంటిలో ఏది కనిపించినా అది తర్వాత చేరినదే. ఇంజిన్ మార్పును మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో నమోదు చేయించి ఉండాలి. ఆ పని చేయించని బండ్లకు చిక్కు రెట్టింపవుతుంది.

అసలు రికార్డు ఎక్కడ?

ఖరీదైన విదేశీ కార్లకు ఈ పరిశోధన కొంత సులువు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరు చేసిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికీ ప్రదర్శనలో ఉంది. వెనుక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చిన ఈ కారుకు బాడీ కట్టింది లండన్‌కు చెందిన బార్కర్ సంస్థ. నిజాం 1911 ఆగస్టులో మరణించడంతో ఆయనకు అందులో తిరిగే యోగం లేకపోయింది. ఆ తరం రోల్స్‌రాయిస్ కార్ల ఛాసిస్ కార్డులు ఇంగ్లండులో భద్రంగా ఉన్నాయి. ఏ ఛాసిస్‌ను ఎవరికి అమ్మారు, బాడీ ఎవరు కట్టారు వంటి వివరాలు వాటిలో దొరుకుతాయి.

అంబాసిడరు యజమానికి ఆ సదుపాయం లేదు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలోనే ఉత్పత్తి నిలిచిపోయింది. కాబట్టి సాక్ష్యం బండిలోనే వెతుక్కోవాలి.

ముందుగా ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లను బండిపై చెక్కిన అంకెలతో సరిపోల్చాలి. మసి, గ్రీజు కింద దాగిన అంకెలను కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూడాలే గానీ, ఇసుక కాగితంతో రుద్దడం మంచిది కాదు. అంకె అరిగితే అధికారికి అనుమానం మొదలవుతుంది. తర్వాత మోడల్ తేల్చుకోవాలి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 ఆధారంగా అంబాసిడరు తయారీ 1950ల చివర్లో ఆరంభమైంది. మొదటి బండ్లలో 1476 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజిన్ ఉండగా, 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ దాని స్థానంలోకి వచ్చింది. మార్క్-2 ముందు జాలీ దగ్గరదగ్గరి గళ్లతో ఉంటుంది. 1975లో వచ్చిన మార్క్-3కి అడ్డపట్టీల జాలీ, 1979లో వచ్చిన మార్క్-4కు పెద్ద చదరపు గళ్ల జాలీ అమర్చారు. మార్క్-2 కారుకు మార్క్-4 జాలీ తగిలించి ‘ఒరిజినల్’ అని మురిసిపోయేవారు తక్కువేమీ కాదు.

ఫియట్‌లో పేరుపలకే తేదీ చెబుతుంది. ముంబయిలో తయారైన ఫియట్ 1100 డిలైట్ తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా, 1974 నుంచి ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకొంది. 1970 నాటి కారుపై ‘పద్మిని’ అని ఉంటే ఆ పలక మరో బండిది. ఆ కాలపు అంబాసిడరు, ఫియట్ రెంటికీ గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. కింద ఫ్లోరుపై గేరు కనిపిస్తే అది మార్పిడి చేసిందే.

విడిభాగాలపై ఉన్న గుర్తులనూ చదవాలి. బ్రిటన్‌లో తయారైన లూకాస్ డైనమో, డిస్ట్రిబ్యూటరు వంటి పలు భాగాలపై తయారైన నెల, సంవత్సరం అంకెల్లో గుద్ది ఉంటాయి. ఆ తేదీ కారు తయారీకి కొద్దినెలలు ముందుంటే నమ్మవచ్చు, కారు తర్వాతిదైతే మధ్యలో మార్చినదని అర్థం. బోల్టులు కూడా సాక్షులే. అంబాసిడరుకు ఇంచు పానాలు, ఫియట్‌కు మిల్లీమీటరు పానాలు పడతాయి. అంబాసిడరు ఇంజిన్‌లో మిల్లీమీటరు పానా పట్టే బోల్టు కనిపించిందంటే అక్కడ ఎవరో చేయిపెట్టారన్నమాటే.

దొరికే చోటు తెలిసినా...

సామాను కోసం మన ప్రాంతంవారు సికింద్రాబాద్ రాణీగంజ్‌కో, విజయవాడ ఆటోనగర్‌కో వెళుతుంటారు. చెన్నై పుదుపేట పాత సామాన్లకు మరో చిరునామా. అయితే నోటిమాటగా ‘అంబాసిడరు లైటు కావాలి’ అని అడిగితే దుకాణదారు తన దగ్గరున్నదే ఇస్తాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ సంవత్సరానికి చెందిన పార్ట్స్ క్యాటలాగులోని నంబరు, పాత భాగం రెండూ వెంట తీసుకెళ్లడమే మార్గం. క్యాటలాగు దొరకనప్పుడు అదే ఏడాది తయారై, ఇంతవరకూ విప్పని మరో బండిని చూసి రావాలి. ఇంట్లోని పాత పెళ్లి ఫొటోలలో కారు ముందుభాగం కనిపిస్తే అంతకుమించిన ఆధారం లేదు.

ఇక మెకానిక్ షెడ్డులో తీసేసిన భాగాన్ని అక్కడే వదిలేయడం పెద్ద పొరపాటు. తుప్పుపట్టిన ముక్క సైతం కొలతకు, ఆకారానికి నమూనాగా పనికొస్తుంది. విప్పకముందే ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, బోల్టులను వేర్వేరు డబ్బాల్లో చీటీలు రాసి ఉంచుకొంటే బిగించేటప్పుడు తగవులుండవు. కొత్తగా చేయించిన భాగమైతే ఆ సంగతి దానిపైనే గుర్తుగా చెక్కించాలని పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ ఛార్టర్ సూచిస్తోంది. బండిని రేపు కొనేవారిని మోసగించకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు నిబంధనల్లో రూ.20 వేలు, పునరుద్ధరణకు రూ.5 వేలు రుసుముగా నిర్ణయించారు. గడువు పదేళ్లు. అంతకుముందే రిజిస్టరైన బండికి పాత నంబరే కొనసాగుతుంది, కొత్తగా రిజిస్టరయ్యేవాటికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు కేటాయిస్తారు. ఒకసారి ఈ గుర్తింపు తీసుకొన్నాక ఆ కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డుపైకి తేవాలి. నిత్యం నేరేడుచర్లకో హుజూర్‌నగర్‌కో పనిమీద వెళ్లి రావడానికి గానీ, పెళ్లి ఊరేగింపులకు అద్దెకివ్వడానికి గానీ వీలుండదు. అలా వాడుకోవాలనుకొనేవారు సాధారణ రిజిస్ట్రేషన్‌నే పునరుద్ధరించుకోవలసి ఉంటుంది.