పాత ప్రాసెసరు, పాత బోర్డు: జత కుదుర్చుట

కొద్ది సొమ్ముతో ఆటల కంప్యూటరు కూర్చుకొనదలచిన విద్యార్థి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోటికి పోయినప్పుడు మొదట అడుగునది ప్రాసెసరు ధర. అది చవుకగా దొరికినచో సగము పని అయినట్లే తలచును. మదర్‌బోర్డు సంగతి తరువాత చూచుకొనవచ్చునని అతని ఊహ. ఈ వరుస తలక్రిందులైనది. పాత సరుకులో ప్రాసెసరు చెడిపోయి ఉండుట అరుదు; బోర్డు చెడిపోయి ఉండుట అంత అరుదు కాదు. అంతేకాక, ఏ ప్రాసెసరునకు ఏ బోర్డు పొసగునో తెలియక కొన్నచో, రెండును బాగుగానే ఉండి కూడ కలిసి పనిచేయవు. తల్లిదండ్రులు కూడబెట్టి ఇచ్చిన పైకము అప్పుడు రెండు పనికిరాని ముక్కలై బల్లమీద పడియుండును. కనుక ఈ రెంటిని ఒక్క వస్తువుగా భావించి కొనవలెను.

ముందుగా, ఆటలో ప్రాసెసరు చేయు పని ఏమి? తెరమీద కదలుచున్నట్లు కనిపించునది నిజమునకు సినిమాలోవలె ఒకదాని వెంట ఒకటి వచ్చు నిశ్చల చిత్రముల వరుస. సెకండునకు 60 చిత్రములు రావలెనన్నచో ఒక్కొక్క చిత్రమునకు దొరకు కాలము 16.7 మిల్లీసెకండ్లు, 144 రావలెనన్నచో 7 మిల్లీసెకండ్లు కూడ ఉండదు. ఇంతలోనే ప్రాసెసరు ఆటగాడు నొక్కిన మీటను గమనించి, పాత్రలన్నిటి స్థానములను లెక్కించి, ఏది దేనిని తాకినదో తేల్చి, ఇట్లు గీయుమని గ్రాఫిక్స్ కార్డునకు ఆజ్ఞ ఇయ్యవలెను. గీయుట, రంగులు నింపుట కార్డు పని. ఆజ్ఞ ఆలస్యమైనచో ఎంత ఖరీదైన కార్డయినను చేతులు ముడుచుకొని కూర్చుండును.

ఈ లెక్కలలో చాలభాగము ఒకదాని ఫలితముపై మరొకటి ఆధారపడినవి. వానిని అనేక కోర్లకు పంచిపెట్టుట సాధ్యము కాదు. బావిలో దిగి త్రవ్వుటకు నలుగురికే చోటున్నప్పుడు గట్టుమీద పదిమంది నిలిచియున్నను బావి త్వరగా పడదు కదా! 2016లో సర్వర్ల కొరకు వచ్చిన జియాన్ ఈ5-2680 వి4 అను ప్రాసెసరులో 14 కోర్లున్నవి. పాత సర్వర్లనుండి విప్పినవి చవుకగా అమ్ముడగుచున్నందున చాలమంది ఆకర్షింపబడుచున్నారు. దాని అత్యధిక వేగము 3.3 గిగాహెర్ట్‌జులు. 2022లో వచ్చిన రైజెన్ 5 5600లో ఉన్నవి 6 కోర్లే. అయినను అది 4.4 గిగాహెర్ట్‌జుల వరకు పోవును. ఒక్కొక్క స్పందనలో చేయు పని కూడ ఎక్కువ. ఆటలలో రెండవదే మేలు.

మరొక సంగతి. ప్రాసెసరు తనకు కావలసిన అంకెను ర్యామ్ నుండి తెచ్చుకొనుటకు 70, 80 నానోసెకండ్లు పట్టును. ఇది వినుటకు స్వల్పమే, కాని 4.4 గిగాహెర్ట్‌జుల ప్రాసెసరునకు ఆ వ్యవధిలో మూడువందలకు పైగా స్పందనలు వృథాగా గడచిపోవును. అందుచేతనే ప్రాసెసరు లోపల క్యాష్ అను చిన్న నిల్వగది ఉంచుదురు. రైజెన్ 5 5600లో ఈ మూడవ స్థాయి క్యాష్ 32 మెగాబైట్లు. పేరులో దగ్గరగా ఉన్న రైజెన్ 5 5500లో 16 మాత్రమే. పేరులో నూరంకెల తేడాయే కదా అని ఉపేక్షించుట తగదు.

ఇక జత సంగతి. ప్రాసెసరును అమర్చు చోటును సాకెట్ అందురు. సాకెట్ సరిపోయిన చాలునని కొందరు నమ్ముచున్నారు. ఇంటెల్ వారి ఎల్‌జీఏ 1151 చరిత్ర ఈ నమ్మకమును వమ్ము చేయుచున్నది. 2015లో ఆరవ తరము ప్రాసెసర్లతో ఈ సాకెట్ వచ్చినది. 2017 అక్టోబరులో వచ్చిన ఎనిమిదవ తరమునకు కూడ ఇదే కొలత, ఇవే 1151 పిన్నులు. కాని కొన్ని పిన్నుల పని మార్చబడినది. కనుక ఐ5-8400ను అంతకుముందటి జెడ్270 బోర్డులో పెట్టినచో అందముగా కూర్చుండును. పని మాత్రము చేయదు. దానికి 300 వరుస చిప్‌సెట్ ఉన్న బోర్డు కావలెను. ఇట్లే ఎల్‌జీఏ 1200 బోర్డులలో హెచ్410, బి460 అనునవి పదవ తరమును స్వీకరించును, పదునొకండవ తరమును స్వీకరింపవు. 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700లో మరొక చిక్కు: కొన్ని బోర్డులు డీడీఆర్4 ర్యామ్ కొరకును, కొన్ని డీడీఆర్5 కొరకును చేయబడినవి. ఒకదానిది మరొకదానిలో దిగదు.

ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ ఈ విషయమున ఉదారమైనది. 2017 నాటి మొదటి రైజెన్ మొదలు 5000 వరుస వరకు అదే సాకెట్. అయితే బోర్డుమీది బయాస్ అను ప్రోగ్రాము ఆ ప్రాసెసరును ఎరిగియుండవలెను. బి450 బోర్డులు 2018లో వచ్చినవి, 5000 వరుస 2020 నవంబరులో వచ్చినది. ముందు పుట్టిన బోర్డు తరువాత పుట్టిన ప్రాసెసరును ఎట్లు ఎరుగును? బయాస్‌ను నవీకరించిననే ఎరుగును. నవీకరించుటకు కంప్యూటరు మొదట వెలుగవలెను. వెలుగుటకు పాత ప్రాసెసరొకటి కావలెను. కొన్ని బోర్డులపై మాత్రము ప్రాసెసరు లేకయే పెన్‌డ్రైవ్ నుండి నవీకరించు మీట ఉండును. ఆ పని నడుచుచుండగా కరెంటు పోయినచో బోర్డు మూగబోవచ్చును. యూపీఎస్ లేనిదే దీనికి పూనుకొనరాదు. అమ్మువాని యెదుటనే బయాస్ తెరను చూచి, దాని సంఖ్యను తయారీదారుల పట్టికతో సరిపోల్చుకొనుట అన్నిటికంటె సులభము.

బోర్డులో ఎవరును చూడని భాగమొకటి కలదు. సరఫరా పెట్టెనుండి బోర్డునకు 12 వోల్టులు వచ్చును; ప్రాసెసరు కోర్లకు కావలసినది సుమారు 1.2 వోల్టులు. ఈ మార్పు చేయు పరికరముల వరుసను వీఆర్ఎం అందురు. రైజెన్ 5 5600 పెట్టెపై 65 వాట్లని ఉన్నను, అది 76 వాట్ల వరకు తీసికొనును. సామర్థ్యమును వోల్టేజితో భాగించినచో 60 ఆంపియర్లకు పైగా వచ్చును! ఇంటిలోని ఏసీ యంత్రము 230 వోల్టుల వద్ద తీసికొను ప్రవాహము సామాన్యముగా ఇందులో ఏడవవంతు కూడ ఉండదు. పుట్టు ఉష్ణము ప్రవాహపు వర్గమునకు అనులోమానుపాతములో ఉండునని పాఠములో చదివినదే. ఒకే దారిలో పోవు ప్రవాహమును రెండు దారులకు పంచినచో ఒక్కొక్క దారిలో ఉష్ణము నాలుగవవంతు, మొత్తము మీద సగము. మంచి బోర్డులో ఇట్టి దారులు ఎక్కువ, వానిపై లోహపు పలక కూడ ఉండును. పలక లేని చవుక బోర్డుపై 8 కోర్ల పెద్ద ప్రాసెసరును పెట్టినచో, మే నెల ఎండలలో వీఆర్ఎం మరిగిపోయి, ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. ఖర్చు పెద్దదానికి, పని చిన్నదానిది. పాత బోర్డులు చెడుటకు ఈ వేడి ఒక కారణము. సాకెట్ పిన్నులు వంగుట మరొకటి.

ప్రాసెసరు చెడుట అరుదన్న మాటకు ఒక ముఖ్యమైన అపవాదము కలదు. ఇంటెల్ పదమూడు, పదునాలుగవ తరముల ఐ7, ఐ9 వంటి శక్తిమంతమైన డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజి మూలమున క్షీణించుచున్నట్లు 2024లో తేలినది. ఇంటెల్ వారు మైక్రోకోడ్ సవరణ విడుదల చేసి, వారంటీని రెండేండ్లు పొడిగించిరి. ఆ సవరణ మున్ముందు హానిని ఆపునే కాని, జరిగినదానిని బాగుచేయదు. పాతవానిలో ఇవి కొనకుండుటయే మంచిది. 2022 నాటి పండ్రెండవ తరపు ఐ5-12400ఎఫ్‌నకు ఈ దోషము లేదు. కాని పేరు చివర ఎఫ్ ఉన్నచో లోపల గ్రాఫిక్స్ లేదని అర్థము. వేరే కార్డు లేనిదే తెరపై బొమ్మయే రాదు.

మరీ పాతవానికి వేరొక అడ్డంకి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 సామాన్యముగా ఇంటెల్ ఎనిమిదవ తరము, రైజెన్ 2000 వరుస మొదలుకొనియే అంగీకరించుచున్నది. వాలరెంట్ వంటి ఆటలు విండోస్ 11పై టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అను రక్షణలను కూడ కోరును. నాల్గవ తరపు ఐ7 ఎంత చవుకైనను చవుక కాదు. అందుబాటులో ఉన్నవానిలో రైజెన్ 5 5600ను బి450 లేక బి550తోను, ఐ5-12400ఎఫ్‌ను డీడీఆర్4 బి660తోను జత చేయుట ఉచితము. మిగిలిన సొమ్ము గ్రాఫిక్స్ కార్డునకు పోవలెను.

కొనునప్పుడు రెంటిని కలిపి, వెలుగుచుండగానే చూడవలెను. ర్యామ్ గళ్లన్నిటిలో కడ్డీని మార్చి మార్చి పెట్టవలెను. అరగంటసేపు బరువైన లెక్కల ప్రోగ్రాము నడిపి ఉష్ణోగ్రత గమనింపవలెను. ఇంటెల్ సాకెట్‌లో పిన్నులు బోర్డుకుండును, ఏఎం4లో ప్రాసెసరుకుండును. దేనికున్నవో దానిని వెలుతురులో ఏటవాలుగా పట్టి చూచినచో వంకర తెలియును. ఏఎం4 ప్రాసెసరును తీయునప్పుడు ఇంకొక జాగ్రత్త. ఎండిపోయిన పేస్టు జిగురువలె పట్టియుండుటచేత, కూలరును తిన్నగా పైకి లాగినచో దానితో ప్రాసెసరు కూడ ఊడివచ్చి పిన్నులు వంగును. కొంతసేపు కంప్యూటరును నడిపి, ఆపి, పేస్టు వెచ్చగా ఉండగానే కూలరును కొద్దిగా అటునిటు త్రిప్పి పైకి తీయవలెను.