మంచు జిమ్ము యంత్రము

కెనడా పల్లెలలో శీతకాలమున ఇంటినుండి బాటవఱకుగల దారి మంచుతో పూడిపోవును. అచ్చటి రైతులు ట్రాక్టరునకు మంచు జిమ్ము యంత్రమును తగిలించి దారి తీయుదురు. 1925లో క్విబెక్కునందు ఆర్థర్ సికార్డు ఇట్టి యంత్రమును ట్రక్కుపై నిర్మించెను. సామాన్యముగా నిమిషమునకు 540 చుట్లు తిరుగు ట్రాక్టరు ఇరుసు దీనిని నడపును. మరచుట్ల ఇనుపపట్టీ మంచును నడుమకు లాగగా, రెక్కలచక్రము గొట్టముగుండ దూరముగా విసరును. వెనుక తగిలించినచో తఱచు ట్రాక్టరును వెనుకకే నడపవలెను, మెడనొప్పి అదనము. రాయి తగిలినచో మెత్తని బోల్టు విరిగి యంత్రమును కాపాడును; దానికి మాఱుగా గట్టి బోల్టు బిగించుట దండుగబేరము.

తడిమంచు గొట్టమున క్రుక్కుకొన్నప్పుడే ప్రమాదము. ఇంజను ఆపినను రెక్కలయందు బిగువు నిలిచియుండవచ్చును. అడ్డు తొలగినంతనే అవి కదలి వ్రేళ్లను నఱకును. కావున ఇరుసును, ఇంజనును ఆపి, కఱ్ఱతోనే పొడువవలెనని మేము నొక్కి చెప్పుచున్నాము. మన రోటవేటరులును ఇట్టి ఇరుసుతోడనే తిరుగుచున్నవి. అందు చుట్టుకొన్న గడ్డిని తీయు సభ్యులును ముందుగా ఇంజను ఆపవలెను.