బాంకాకు నగరమున విడిది: ఏ పేట ఎవరికి మేలు?

క్రొత్త నగరమునకు పోవువారు మొదట అడుగు ప్రశ్న "ఏమేమి చూడవలెను?" అని. రెండవది "ఎంత వ్యయమగును?" అని. "ఎచ్చట దిగవలెను?" అను ప్రశ్న తఱుచుగా కడపట వచ్చును. బాంకాకు నగర విషయమున ఈ వరుసను తలక్రిందులు చేయవలెనని నా అభిప్రాయము. ఏలయన, ఆ నగర వైశాల్యము 1,568 చదరపు కిలోమీటరులు. పరిపాలనకై దానిని 50 విభాగములుగా పంచినారు. బండ్ల రద్దీకి అది లోకమున పేరుపడిన ఊరు. ఐదు దినములకై పోయిన కుటుంబము, దూరపు విడిది కారణముగా దినమునకు మూడు గంటలు దారిలో గడపెనేని, మేల్కొనియుండు కాలములో పూర్తిగా ఒక దినము పోగొట్టుకొన్నట్లే. వెంట వృద్ధులైన తల్లిదండ్రులున్నచో నష్టము కాలముతో తీరదు. వారి ఓపిక కూడ దారిలోనే వ్యయమైపోవును.

విడిదిని ఎన్నుకొనుటకు ముందు నగరము పెరిగిన తీరును కొంత తెలిసికొనుట అవసరము. పూర్వపు రాజధాని అయుత్థయ 1767వ సంవత్సరమున బర్మా సేనలచే నాశనమైనది. పిమ్మట తాక్సిన్ రాజు చావ్ ప్రాయా నదికి పడమటి గట్టున థొన్‌బురి యందు రాజ్యము నిలిపెను. 1782లో మొదటి రామరాజు నదిని దాటి తూర్పు గట్టున నూతన నగరమును స్థాపించెను. అదియే నేటి బాంకాకు. థాయి ప్రజలు దానిని 'క్రుంగ్ థేప్' అందురు. దేవతల నగరమని అర్థము. దాని పూర్తి నామము బహు దీర్ఘమైనది. చెవియొగ్గి వినినచో అందులో అమర, రత్న, మహేంద్ర, అయోధ్య మున్నగు మనకు పరిచితములైన పదములే మాఱుచెందిన ఉచ్చారణతో వినిపించును.

ఆ కాలమున రాకపోకలన్నియు నదిమీదను, కాలువలమీదను జరిగెడివి. ఆధునిక పద్ధతిని వేసిన మొదటి పెద్ద వీధి 'చరోన్ క్రుంగ్' 1860ల నాటిది. తరువాత నగరము తూర్పునకు వ్యాపించెను. ఒక్కొక్క కాలమున ఒక్కొక్క పేట ముఖ్యమాయెను. ఈ హేతువుచేత బాంకాకునకు 'నడిబొడ్డు' అని చెప్పదగిన చోటు ఒక్కటి లేదు. రాజప్రాసాదమొకచోట, వర్తకమొకచోట, క్రొత్త అంగళ్లు వేఱొకచోట నున్నవి. "నగర మధ్యమున" అని ప్రకటించుకొను హోటలు ఏ మధ్యమును గుఱించి చెప్పుచున్నదో విచారింపక నమ్మరాదు.

ఇక ముఖ్యమైన సూత్రమును చెప్పెదను. పేట పేరుకంటె ముందుగా, విడిదినుండి రైలు స్టేషనునకు గాని పడవల రేవునకు గాని నడిచిపోవుటకు ఎంత దూరమో చూడవలెను. ఎత్తైన స్తంభములపై నడచు రైలు 1999లో ప్రారంభమైనది. దీనిని 'స్కైట్రెయిన్' అందురు. భూమిలోపల నడచు రైలు 2004లో ప్రారంభమై, 2019లో పాత నగరము క్రిందుగాను, నది క్రిందుగాను పడమటి గట్టువఱకు పొడిగింపబడెను. ఇవి రద్దీకి లోబడవు. ఎండలు మెండుగానుండు ఆ దేశమున అరకిలోమీటరు నడకయే హాయిగా నడువదగిన హద్దు. అంతకు మించినచో ప్రతిదినమును టాక్సీకో, మూడుచక్రముల టుక్‌టుక్ బండికో లోబడవలసివచ్చును.

ఇప్పుడు పేటలను ఒక్కొక్కదానిని గుఱించి చెప్పెదను.

మొదటిది పాత నగరము. దీనిని 'రత్తనకోసిన్' అందురు. రాజప్రాసాదము, మరకత బుద్ధుని ఆలయము, 46 మీటరుల పొడవున శయనించిన బుద్ధమూర్తి గల వాట్ ఫో, ఇవన్నియు ఇచ్చటనే యున్నవి. మన శ్రోతలకు విశేషముగా తోచునది మఱియొకటి కలదు. పెద్ద ఊయెల స్తంభములకు సమీపమున 1784లో కట్టిన బ్రాహ్మణ దేవాలయమున్నది. రాజాస్థాన క్రతువులు జరిపెడు బ్రాహ్మణుల పూర్వులు దక్షిణ భారతదేశమునుండి వచ్చినవారని వారి సంప్రదాయము. ఉదయము ఎండ ముదురకముందే ఆలయములను చూడగోరువారికి ఈ పేటకు మించినది లేదు. చిన్న వసతి గృహములు హెచ్చు, అద్దెలు మితము. కాని రైలు స్టేషనులు దీని దక్షిణపు కొనయందే యున్నవి. ఉత్తర భాగమున దిగినవారికి పడవలును, బస్సులును, టాక్సీలునే గతి. ఆ ఉత్తర భాగముననే 'ఖావ్ సాన్' వీధి యున్నది. ఆ పేరునకు బియ్యమని అర్థము. ఒకప్పుడచ్చట బియ్యపు వ్యాపారము జరిగెడిది. నేడది దేశదేశముల యువకుల విడిదిపట్టు. రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు సంగీతము మ్రోగుచునే యుండును. నిద్ర కావలసినవారు ఆ వీధిని చూచి రావలెనే గాని అచ్చట పరుండరాదు.

రెండవది చీనావారి పేట. రాజప్రాసాదము కట్టుటకై 1782లో చీనా వర్తకులను వారి స్థలమునుండి ఆగ్నేయముగా సాంపెంగ్ ప్రాంతమునకు తరలించిరి. అందుండి పెరిగినదే నేటి 'యావ్వరాట్'. బంగారు దుకాణములు, ఎండు సరకుల అంగళ్లు, రాత్రివేళ వీధిలో వండి పెట్టు భోజనములు దీని శోభ. దీని చెంతనే వాట్ ట్రైమిత్‌లో అయిదున్నర టన్నుల బంగారు బుద్ధుడున్నాడు. చిరకాలము సున్నపు పూతతో కప్పబడియున్న ఆ మూర్తిని 1955లో కదలించునపుడు పూత పెచ్చులూడి, లోపలి బంగారము బయటపడినది. యావ్వరాట్ పడమటి కొనను 'ఫాహురాట్' అను బట్టల బజారు కలదు. సిక్కు వర్తకులచ్చట చిరకాలముగా స్థిరపడియున్నారు. బంగారు గోపురముతో వారి గురుద్వారా కనబడును. మన పప్పు, రొట్టె, పాల మిఠాయి అచ్చట దొరకును. 2019లో భూగర్భ రైలు వచ్చినప్పటినుండి ఈ పేట పాత నగరమునకును, క్రొత్త నగరమునకును నడుమ మంచి మజిలీ యైనది. ఇరుకు సందులు, సాయంకాలపు జనసమ్మర్దము దీనియందలి లోపములు.

మూడవది నదీతీరమును, సీలొమ్ వీధియును. చరోన్ క్రుంగ్ వీధి వెంబడి పూర్వము ఐరోపా రాయబారుల కార్యాలయములు, వర్తక గృహములు వెలసెను. మిక్కిలి ఖరీదైన హోటళ్లు నేటికిని ఇచ్చటి నది యొడ్డుననే యున్నవి. అయినను వెనుక సందులలో సామాన్యులకు తగిన గదులు దొరకును. సపాన్ తాక్సిన్ స్టేషను క్రిందనే సాథోర్న్ రేవు కలదు. ఒకే చోట రైలును, పడవయును అందుట మఱియెచ్చటను ఇంత అనుకూలముగా లేదు. రద్దీ గల వేళ టాక్సీలో విసుగు పుట్టించు దూరమును పడవలో చల్లగాలికి కూర్చుండి దాటవచ్చును. రాజప్రాసాదపు రేవుకూడ ఆ దారిలోనిదే. సీలొమ్ వీధిలో పందొమ్మిదవ శతాబ్దిని తమిళులు కట్టించిన మారియమ్మన్ గుడి యున్నది. నవరాత్రులు ముగియు రాత్రి అమ్మవారి ఊరేగింపునకై ఆ వీధిని మూసివేయుదురు. థాయిలును, చీనీయులును వేలకొలది వచ్చి మ్రొక్కుదురు. వీధికి తూర్పు కొనను లుంఫినీ ఉద్యానవనము కలదు; ఉదయమున వ్యాయామము చేయు వృద్ధులును, నీటి గట్టున నిర్భయముగా తిరుగు పెద్ద ఉడుములును కనబడుదురు. ఆ కొననే పాట్‌పొంగ్ అను మద్యశాలల సందు కలదు. కుటుంబముతో పోవువారు దానికి దూరముగా, గుడి వైపున గది తీసికొనుట మేలు.

నాలుగవది సయాం, ప్రతూనాం ప్రాంతము. స్కైట్రెయిన్ మార్గములు రెండును సయాం స్టేషనున కలిసికొనును. చుట్టును బ్రహ్మాండమైన అంగడి భవనములు. సమీపమున 1956లో ప్రతిష్ఠించిన చతుర్ముఖ బ్రహ్మ మందిరమున్నది. మన దేశమున అరుదుగా పూజలందు బ్రహ్మదేవునికి అచ్చట పగలంతయు పూలమాలలు, నృత్య నివేదనములు జరుగుచుండును. ఉత్తరముగా కొలది దూరమున ప్రతూనాం బట్టల సంత కలదు. భారతీయ యాత్రికులు పెక్కుమంది ఇచ్చటనే దిగుటచేత మన భోజనశాలలును దొరకును. ప్రతూనాం వద్ద సేన్ సేప్ కాలువ పడవ ఎక్కినచో పాత నగరపు అంచునకు త్వరగా చేరవచ్చును. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట మాత్రము ఆ పడవలుండవు. ఈ పేట సౌకర్యమునకు మేలైనది. పాత బాంకాకు సొగసు మాత్రమిచ్చట వెదకిన దొరకదు.

ఐదవది సుఖుంవిట్. ఈ వీధి నగరమున మొదలై కంబోడియా సరిహద్దు దాపుననున్న త్రాట్ వఱకు పోవును. నగర భాగమున దీని మీదుగా స్కైట్రెయిన్ నడచుచున్నది. హోటళ్ల సంఖ్యయందు దీనికి సాటి లేదు. కాని స్టేషను స్టేషనునకు దీని స్వభావము మాఱును. నానా ప్రాంతము రాత్రి వినోదములకును, అరబ్బీ భోజనశాలలకును నెలవు. అశోక్ వద్ద భూగర్భ రైలుతో సంధి కలదు. థాంగ్ లో, ఎక్కమై వైపు నివాస గృహములు హెచ్చు. ఇచ్చట సందులను 'సోయ్' అందురు. ఉత్తరమున బేసి సంఖ్యలు, దక్షిణమున సరి సంఖ్యలు. రెండు వైపుల లెక్కలును కలసి నడువవు. 63వ సందునకు దాదాపు ఎదురుగానున్నది 62 గాదు, 42. మఱియు ఒక్కొక్క సందు కిలోమీటరునకు పైగా లోపలికి పోవును. చిరునామాలో సందు సంఖ్య చూచి సంతోషించుట చాలదు. ఆ సందులో ఎంత లోపలనున్నదో అడుగవలెను.

నదికి పడమటనున్న థొన్‌బురిని మఱువరాదు. అరుణాలయమను వాట్ అరుణ్ ఆ గట్టుననే యున్నది. కాలువల వెంబడి కొయ్య యిండ్లు, తోటలు కొంతవఱకు నిలిచియున్నవి. రెండవమాఱు పోవువారికి, తొందర లేనివారికి ఆ గట్టు హాయి గొలుపును.

విడిదికి సంబంధించిన చిల్లర విషయములు కొన్ని కలవు. విమానాశ్రయములు రెండు. సువర్ణభూమిలో దిగువారికి 2010నుండి నడచుచున్న రైలు మక్కసాన్ మీదుగా ఫాయా థాయ్ వఱకు పోవును. రెండు చోట్లను నగరపు రైలులోనికి మాఱవచ్చును. డాన్ ముయాంగ్‌లో దిగువారికి 2021లో వచ్చిన ఎఱ్ఱ మార్గము కలదు. వర్షములు మే మొదలు అక్టోబరు వఱకు, సెప్టెంబరున అధికము. నేల సముద్రమట్టమునకు కొలదిగా మాత్రమే ఎత్తగుటచేత, పెద్దవాన కురిసినపుడు సందులలో నీరు నిలుచును. ఆ మాసములలో స్టేషనుకు దగ్గరి గది విలువ రెట్టింపగును. ఏప్రిల్ 13 మొదలు మూడు దినములు సాంగ్‌క్రాన్ పండుగ. ఖావ్ సాన్, సీలొమ్ వీధులలో నీళ్లు చల్లుకొనుచు జనము నిండిపోవుదురు. తడియుటకు ఇష్టము లేనివారు అప్పుడా పేటలను విడువవలెను. శాకాహారులు 'జే' అను మాట నేర్చుకొనవలెను. పసుపు పచ్చని జెండాపై ఎఱ్ఱని అక్షరము ఆ భోజనమునకు గుర్తు. ఉల్లి, వెల్లుల్లి కూడ అందులో వేయరు. ఇతర చోట్ల కూరలలో సైతము చేపల పులుసునీరు కలియుట సామాన్యము.

కడపట ఒక్క మాట. మనము దిగు ప్రతి పేటయు ఇతరుల నివాసమే. పాత నగరమున మహాకాన్ కోట గోడ వెనుక తరతరములుగా కొయ్య యిండ్లలో నివసించిన కుటుంబములను, ఉద్యానవనము కొఱకై, పాతికేండ్ల వివాదము పిమ్మట 2018లో పూర్తిగా ఖాళీ చేయించిరి. యాత్రికునికి సుందరమగు పచ్చిక కనబడును. అచ్చట వంటింటి పొగ లేచిన సంగతి కనబడదు. ఈ కారణమున నేను అనుమతి గల చిన్న వసతి గృహములనే కోరుదును. దినముల లెక్కన గదులు అద్దెకిచ్చుటకు అచ్చటి 2004 నాటి హోటళ్ల చట్టము ప్రకారము సామాన్యముగా అనుమతి కావలెను. నివాస భవనములలో రహస్యముగా ఇచ్చు గదులవలన ఇరుగుపొరుగులకు బాధ, యాత్రికునికి చిక్కు. రాత్రివేళ సందులో మెల్లగా మాటాడుట, వాకిట పాదరక్షలు విడుచుట, తెల్లవాఱుజామున భిక్షకు వచ్చు భిక్షువులకు దారి విడుచుట, ఇవి గది అద్దెలో చేరని బాకీలు.

సంగ్రహముగా చెప్పవలెనన్న: మొదటిసారి, ఆలయ దర్శనమే ప్రధానమైనచో పాత నగరపు దక్షిణ భాగము, భోజనప్రియులకు యావ్వరాట్, బట్టల బేరములకు ప్రతూనాం, ఎక్కువ దినములుండువారికి సుఖుంవిట్ తూర్పు భాగము. వృద్ధులును, పిల్లలును గల కుటుంబమునకు మాత్రము రైలును, పడవయును, గుడియును, తోటయును అందుబాటున నుండు సీలొమ్ నదీతీర ప్రాంతమే నా మతమున ఉత్తమము. సాయంకాలము అలసిన పెద్దలు అరగడియలో గది చేరి కాళ్లు చాపుకొనగలిగిరేని, మఱునాటి ప్రయాణమునకు వారే ముందుగా సిద్ధమగుదురు.